గుండె వైఫల్యం: డిశ్చార్జి తరువాత మాత్రలు ఎందుకు ఆగిపోతున్నాయి?

ఆయాసం తట్టుకోలేక, పాదాలకు నీరు దిగి ఆసుపత్రిలో చేరిన రోగి వారం పది రోజులకు తేరుకుని ఇంటిదారి పడతారు. చేతిలో ఇంగ్లీషులో అచ్చయిన డిశ్చార్జి కాగితం, పాలిథిన్ సంచిలో ఆరేడు రకాల మాత్రలు. ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన కింద చికిత్స జరిగి ఉంటే డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకు మందులకు, పరీక్షలకు అయ్యే ఖర్చు ఆ పథకం పరిధిలోకే వస్తుంది. తెలుగు నాట ఆరోగ్యశ్రీ కూడా ఇంటికి వెళ్లేటప్పుడు 10 రోజుల మందులు ఇచ్చి పంపే పద్ధతిని పాటిస్తూ వచ్చింది. సంచి ఖాళీ అయ్యాక మందుల షాపుకు వెళ్లవలసింది, డబ్బు చూసుకోవలసింది, ఏ మాత్ర ఎందుకో గుర్తుంచుకోవలసింది ఆ కుటుంబమే.

ప్రమాదం మాత్రం 15 రోజులతో ముగియదు. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశంలోని 53 ఆసుపత్రుల్లో 10,851 మంది గుండె వైఫల్య రోగుల వివరాలు సేకరించిన జాతీయ రిజిస్ట్రీ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి 90 రోజుల్లోగా మరణించినవారు 14.2 శాతం, అంటే ఏడుగురిలో ఒకరు. రోగుల సగటు వయసు 60 ఏళ్లకు కాస్త తక్కువ. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ప్రధానంగా డెబ్బై దాటినవారిది. ఇక్కడ అది ఇంకా పొలానికో దుకాణానికో వెళ్తున్న మనిషిది, ఇంటి భారం మోస్తున్న మనిషిది.

గుండె వైఫల్యం అనే మాట వినగానే గుండె ఆగిపోయిందని చాలామంది భయపడతారు. గుండెపోటుకూ దీనికీ తేడా ఉంది. గుండెపోటు ఒక సంఘటన, గుండె వైఫల్యం ఒక స్థితి. రక్తాన్ని ఒంటికి సరిపడా పంపే శక్తి గుండెకు తగ్గుతుంది. జనం వాడుకలో దీనికి ఇంతకన్నా చక్కని మాట ఉంది: పంపింగ్ తగ్గింది. పాత గుండెపోటు, ఏళ్ల తరబడి అదుపు తప్పిన రక్తపోటు, మధుమేహం, చిన్ననాటి కీళ్లవాత జ్వరం వల్ల పాడైన కవాటాలు, గుండె కండరానికే వచ్చే జబ్బులు ఇందుకు దారితీస్తాయి. పంపింగ్ తగ్గినప్పుడు శరీరం ఊరుకోదు. ఒంట్లో నీళ్లు తగ్గాయని పొరబడి ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. రక్తనాళాలను బిగిస్తుంది. గుండెను మరింత వేగంగా తోలుతుంది. అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టు ఈ ప్రయత్నమే గుండెను ఇంకా కుంగదీస్తుంది.

ఇప్పుడున్న మందులు చాలావరకు ఈ ముల్లుకర్రను ఆపేవే. 1987లో స్కాండినేవియా దేశాల్లో తీవ్ర దశలో ఉన్న 253 మందిపై జరిగిన అధ్యయనంలో ఎనాలప్రిల్ ఆరు నెలల మరణాలను 44 శాతం నుంచి 26 శాతానికి తగ్గించింది. 1999లో బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు, ఎంతో చవకైన స్పైరనోలాక్టోన్ ప్రాణాలు నిలబెడతాయని తేలింది. 2014లో సాక్యుబిట్రిల్–వల్సార్టాన్ అనే జంట మందు ఎనాలప్రిల్ కన్నా మెరుగైన ఫలితం చూపింది. 2019లో మధుమేహం మాత్రగా వచ్చిన డపాగ్లిఫ్లోజిన్ మధుమేహం లేని గుండె రోగులకూ పనికొస్తుందని రుజువైంది. పంపింగ్ బాగా తగ్గినవారికి ఈ నాలుగు కుటుంబాల మందులూ కలిపి ఇవ్వడం నేటి ప్రామాణిక చికిత్స. పాత పద్ధతితో పోలిస్తే, 55 ఏళ్ల వయసులో వీటిని మొదలుపెట్టి కొనసాగించినవారికి సగటున ఆరేళ్లకు పైగా ఆయుష్షు కలిసివస్తుందని 2020లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఒక అంచనా చెబుతోంది. ఒక జబ్బుకు ఇంతటి మేలు చేసే మాత్రలు చేతిలో ఉండి కూడా అవి రోగి నోటిదాకా చేరకపోవడమే అసలు సమస్య.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా నెపం రోగి మీదికే పోతుంది. చెప్పిన మాట వినరు, మందులు మానేస్తారు అన్నది ఆసుపత్రి వరండాల్లో తరచూ వినిపించే ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. కానీ లెక్క మొదలుపెట్టవలసిన చోటు అది కాదు. అదే జాతీయ రిజిస్ట్రీలో పంపింగ్ తగ్గిన రోగుల్లో మార్గదర్శకాల ప్రకారం పూర్తి చికిత్స అందినవారు 47.5 శాతమే. అంతకుముందు 2013లో కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 18 ఆసుపత్రులు 1,205 మందిని నమోదు చేసినప్పుడు, డిశ్చార్జి నాటికి పూర్తి చికిత్స రాసి ఇచ్చింది నలుగురిలో ఒకరికే. ఆ రోగుల్లో సగానికి మించి అయిదేళ్లలోపే మరణించారు. వైద్యసేవల్లో దేశానికి ముందున్న రాష్ట్రంలో, రాజధాని నగరం ఉన్న జిల్లాలో కనిపించిన పరిస్థితి అది. చీటీ మీద రాయని మాత్రను రోగి మానేశారనడం న్యాయం కాదు.

రక్తపోటు మరీ తగ్గుతుందేమో, మూత్రపిండాలు దెబ్బతింటాయేమో, పొటాషియం పెరుగుతుందేమో అన్న భయం వైద్యులకూ ఉంటుంది. ఆ భయాలు ఉత్తుత్తివి కావు. ఈ మందులను చిన్న మోతాదులో మొదలుపెట్టి, రక్త పరీక్షలు చూసుకుంటూ, రెండేసి వారాలకొకసారి పెంచుకుంటూ పోవాలి. నెలకు వందల కొద్దీ రోగులను చూసే ఓపీలో అంత వ్యవధి దొరకదు. మొదటి మోతాదే ఏళ్ల తరబడి చివరి మోతాదుగా మిగిలిపోతుంది.

రాసి ఇచ్చిన మాత్రలు ఇంటికి చేరాక జరిగేది మరో కథ. మన వైద్య సంప్రదాయంలో మందుకు ఒక గడువు ఉంది. మండలం పాటు వాడాలి, పథ్యం చేయాలి, జబ్బు తగ్గాక మానాలి. యాంటీబయాటిక్ కోర్సు కూడా ఆ ఆలోచనలోనే సులువుగా ఇమిడిపోయింది. గుండె వైఫల్యం మందులు అందులో ఇమడవు. చీటీ మీద 30 రోజులని రాసి ఉంటుంది. మళ్లీ చూపించుకునేదాకా అన్నది వైద్యుని ఉద్దేశం. నెల వాడితే సరిపోతుందన్నది చదివినవారి అర్థం. ఇద్దరూ తప్పు చేయలేదు. మధ్యలో ఒక్క వాక్యం చెప్పేవారు లేకపోయారు, అంతే.

దానికి తోడు ఈ మాత్రల స్వభావం కూడా రోగి అనుభవానికి ఎదురు తిరుగుతుంది. ఒంటికి పట్టిన నీటిని మూత్రంగా పంపే ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ వంటివి వేసుకున్న కొన్ని గంటల్లోనే ఆయాసం తగ్గుతుంది, వాపు దిగుతుంది. అంటే పనిచేసే మందు అదేనన్న నమ్మకం కుదురుతుంది. ఆయుష్షు పెంచే బీటా బ్లాకర్ తొలివారాల్లో నీరసం తెప్పించవచ్చు. ఎనాలప్రిల్ కొందరికి పొడిదగ్గు తెస్తుంది. సాక్యుబిట్రిల్–వల్సార్టాన్‌తో లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగవచ్చు. మేలు కంటికి కనబడదు, ఇబ్బంది మాత్రం వెంటనే తెలుస్తుంది. డబ్బుకు కటకటలాడే నెలలో ఏదో ఒకటి తగ్గించుకోవలసి వస్తే రోగి దేనిని ఉంచుకుంటారో, దేనిని వదులుతారో ఊహించడం కష్టం కాదు. వారు చేసే లెక్క వారి అనుభవం మేరకు సరైనదే. దురదృష్టవశాత్తు ప్రాణం నిలబెట్టే మాత్రలే ఆ లెక్కలో ముందుగా తొలగిపోతాయి.

నీటి మాత్రకూ తిప్పలు తప్పవు. బస్సు ప్రయాణం, పెళ్లి, కూలి పని, బ్యాంకులో క్యూ ఉన్న రోజున పొద్దున్నే అది వేసుకుంటే గంటగంటకూ మూత్రశాల వెతుక్కోవాలి. మన బస్టాండ్లలో, సంతల్లో అది మగవారికే కష్టం, ఆడవారికి చెప్పనక్కరలేదు. అందుకని ఆ రోజుకు మానేస్తారు. ప్రయాణం నాలుగు రోజులు సాగితే నాలుగు రోజులూ మానేస్తారు. ఆ నాలుగు రోజుల్లో పెళ్లి భోజనాలు, ఊరగాయలు, అప్పడాలు ఉండనే ఉంటాయి. అయిదో రోజు రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తుంది. ఆ మాత్ర వేళను ప్రయాణాన్ని బట్టి మధ్యాహ్నానికో ఇల్లు చేరాకో మార్చుకోవచ్చేమో వైద్యుణ్ణి అడిగి ముందే తెలుసుకుంటే చాలా సందర్భాల్లో ఈ చిక్కు రాదు. అడగవచ్చని చెప్పేవారే తక్కువ.

పూర్తిగా తగ్గిందన్న భావన మరో కారణం. ఏడాది గడిచాక ఎకో తీయిస్తే పంపింగ్ మామూలు స్థాయికి వచ్చి ఉండవచ్చు. ఇక మందులెందుకన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం వెతుకుతూ బ్రిటన్‌లో అలా కోలుకున్న 51 మందితో ఒక ప్రయోగం జరిగింది. 2018లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం, వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా మందులు ఆపినవారిలో 44 శాతం మందికి ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. అదే కాలంలో మందులు కొనసాగించినవారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. ఎకో కాగితం మీద కనిపించే ఆ మంచి అంకె జబ్బు పోయిందని కాదు, మందు పనిచేస్తోందని చెబుతోంది.

వాడకూడనివి వాడడం కూడా మందులు సరిగా వాడకపోవడం కిందికే వస్తుంది. దీని గురించి మాట్లాడేవారు తక్కువ. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు, ఇంజెక్షన్లు ఊరూరా దొరుకుతాయి. అవి ఒంట్లో ఉప్పును, నీటిని నిలువ చేసి, గుండె మందులు చేసిన పనిని తుడిచిపెడతాయి. రక్తపోటు ఉన్నవారికి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్ వాడుతున్నవారికి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది ప్రమాదం తేవచ్చు. పరామర్శకు వచ్చేవారు ప్రేమగా తెచ్చే కొబ్బరిబోండాల విషయంలోనూ ఇటువంటి రోగులు వైద్యుణ్ణి అడగడం మంచిది.

ధర సంగతి కొంత మెరుగుపడింది. డపాగ్లిఫ్లోజిన్‌పై పేటెంట్ 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌పై 2025 మార్చిలో ముగిశాయి. సాక్యుబిట్రిల్–వల్సార్టాన్ జనరిక్‌లు 2023 నుంచి విస్తారంగా వచ్చాయి. ఒకప్పుడు సంపన్నుల మాత్రలుగా ఉన్నవాటి ధరలు బాగా దిగివచ్చాయి. జన్ ఔషధి కేంద్రాల సంఖ్య 2025లో 15,000 దాటింది. అయినా 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు సొంత జేబు నుంచి పెడుతున్నదే. 2013–14లో అది 64.2 శాతం. తగ్గుదల గణనీయమైనదే. కానీ మొదటి నుంచీ బీమా పథకాల మొగ్గు ఆసుపత్రి మంచం వైపే. ఒంటినిండా నీరు పట్టి ఐసీయూలో చేరితే లక్షల దాకా రక్షణ ఉంది. ఆ స్థితి రాకుండా చూసే నెలవారీ మాత్రకు అటువంటి హామీ కొన్ని ఎంపిక చేసిన చికిత్సలకే పరిమితం.

షాపు గడప దగ్గర మరికొన్ని చిన్న చిక్కులున్నాయి. చిన్నవి కావడం వల్లనే విధాన పత్రాల్లోకి ఎక్కవు. కొన్ని స్ట్రిప్పుల్లో 10 మాత్రలుంటాయి, కొన్నింటిలో 14, కొన్నింటిలో 15. రోజుకొకటి కొన్ని, రెండేసి కొన్ని. అన్నీ ఒకే రోజు అయిపోవు. అయిపోయినది కొనడానికి మళ్లీ మండల కేంద్రానికి వెళ్లాలి. డబ్బు చాలనివారు స్ట్రిప్పును కత్తిరించి నాలుగు మాత్రలు అడుగుతారు. కత్తిరించిన ముక్క మీద ఒక్కోసారి పేరూ ఉండదు, గడువూ ఉండదు. ఈసారి వేరే కంపెనీది ఇస్తే రంగు, ఆకారం మారతాయి. ఇంట్లో పాతది కొంత మిగిలి ఉంటే రెండూ వేసుకునేవారు, రెండూ మానేసేవారు కూడా ఉంటారు. వైద్యులు జనరిక్ పేర్లతోనే మందులు రాయాలంటూ జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనలు, మందుల నాణ్యతపై వైద్య సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాలతో అదే నెలలో నిలిచిపోయాయి. అదే నెల నుంచి 300 బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. అక్షరం రాని అవ్వకు ఆ గడి వల్ల ఒరిగిందేమిటో తెలియదు.

దీర్ఘకాలిక చికిత్సపై 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక సంపన్న దేశాల్లో సైతం మందులు సక్రమంగా వాడేవారు సగం మందేనని అంచనా వేసింది. ఆ నివేదికలో ఒక మెలిక ఉంది. రోగి విధేయతను అది కొలబద్దగా తీసుకోలేదు. వైద్యుడూ రోగీ కలిసి ఒప్పుకున్న చికిత్సను పాటించడాన్నే లెక్కలోకి తీసుకుంది. ఒప్పుకోవాలంటే ముందు అర్థం కావాలి. 2005లో లాన్సెట్‌లో వచ్చిన మరో విశ్లేషణ ఈ విషయాన్ని ఇంకో కోణంలో చూపింది. గుండె వైఫల్యంపై జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో కాండెసార్టాన్ అనే మందును క్రమంగా వేసుకున్నవారిలో మరణాలు తగ్గాయి. అందులో వింత లేదు. మందు లేని ఉత్తుత్తి మాత్రను క్రమం తప్పకుండా వేసుకున్నవారిలో కూడా మరణాలు దాదాపు అంతే తక్కువగా కనిపించాయి. ఉత్తుత్తి మాత్రకు ఆ మహిమ ఎక్కడిది? క్రమంగా మాత్ర వేసుకోగలగడం వెనుక నిలకడైన జీవితం, పూటపూటకూ గుర్తుచేసే తోడు, కుంగుబాటు లేని మనసు ఉన్నాయనుకోవడమే సబబు. అవి లేనివారిని మందలిస్తే ప్రయోజనం ఉండదు.

పనిచేసే మార్గాలు తెలియనివి కావు. 2022లో ఫలితాలు వెలువడిన స్ట్రాంగ్–హెచ్‌ఎఫ్ అధ్యయనం 14 దేశాల్లోని 87 ఆసుపత్రుల్లో జరిగింది. వాటిలో నైజీరియా, మొజాంబిక్ వంటివి ఉన్నాయి. డిశ్చార్జి తరువాత ఒకటి, రెండు, మూడు, ఆరు వారాలకు రోగిని పిలిచి, పరీక్షించి, మందులను రెండు వారాల్లోనే పూర్తి మోతాదుకు పెంచడం ఆ పద్ధతి. ఆరు నెలల్లో మరణించినవారు, గుండె వైఫల్యంతో మళ్లీ ఆసుపత్రి పాలైనవారు కలిపి 15.2 శాతం. మామూలు పద్ధతిలో 23.3 శాతం. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఉన్నవాటినే, వెంట ఉండి, వాడించారు.

వెంట ఉండడానికి ప్రతిచోటా గుండె వైద్యుడే అవసరం లేదని మన దేశపు అనుభవమే చెబుతోంది. గుండెపోటు వచ్చి తగ్గినవారిపై 14 ఆసుపత్రుల్లో జరిగి 2016లో ప్రచురితమైన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు కలుసుకుంటూ వచ్చిన రోగుల్లో 97 శాతం మంది ఏడాది తరువాత కూడా మందులు వాడుతున్నారు. కార్యకర్తలు లేనివారిలో అది 92 శాతం. 2017లో తెలంగాణ సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఇంటికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనే 30 రోజుల మందులు ఇచ్చి, రానివారిని వెతికి పట్టుకునే పద్ధతిని నిలబెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనాలు నెలకోసారి పల్లెకు వచ్చి బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చిన రోజులు జనానికి గుర్తున్నాయి.

గుండె వైఫల్యానికి అదే నమూనాను యథాతథంగా దింపడం కుదరదు. రక్తపోటు రోగికి నెలకు సరిపడా మాత్రలిస్తే చాలావరకు పని అయినట్టే. ఇక్కడ మోతాదులు పెంచాలి, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి, బరువు కనిపెట్టాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంటికి పట్టిన కొవ్వు కాదు, నీరు. ఇంట్లో తూచే యంత్రం, గోడ మీద క్యాలెండరు ఉంటే ఆయాసం రాకముందే ప్రమాదం కనిపిస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు ఈ లెక్క చూడగలరు. అనుమానం వస్తే 2019 నుంచి నడుస్తున్న ఈ–సంజీవని ద్వారా పెద్దాసుపత్రి వైద్యునితో అక్కడినుంచే మాట్లాడవచ్చు. పనిముట్లు ఒక్కొక్కటిగా ఉన్నాయి. వాటిని ఒక రోగి పేరున కలిపే బాధ్యత ఎవరిదో తేలలేదు.

డిశ్చార్జి కాగితం అడుగున సాధారణంగా రెండు వారాల తరువాత రావాలని రాసి, ఒక తేదీ వేస్తారు. చాలా సందర్భాల్లో ఆ తేదీకి వెళ్లడమంటే ఆదిలాబాద్ పల్లె నుంచి హైదరాబాదుకో, మన్యం నుంచి విశాఖపట్నానికో ప్రయాణం, తోడుగా ఒకరు, ఇద్దరి కూలీ. సొంత మండలంలోని ఆరోగ్య కేంద్రం పేరు రాసేందుకు ఆ కాగితంలో మామూలుగా గడి ఉండదు.